టెంక నేర్పిన పాఠం

మా పెరటిలో మా దాదీ పెంచిన బంగినపల్లి మామిడి ఒకటి ఉండేది. ఒక తుపాను రాత్రి అది కూలిపోయింది. ఆ యేడు తిన్న పండ్ల టెంకలలో ఒకదానిని నాటి, ఎనిమిదేండ్లు కంటికి రెప్పవలె కాపాడాము. తీరా కాసిన కాయ పులుపు. పండితే అంతా పీచు. టెంక మాట తప్పిందని నొచ్చుకొన్నాము. నిజానికి తప్పు మాదే. టెంకలోని బిడ్డ తల్లి ఒక్కదానిదే కాదు; ఏ చెట్టు పుప్పొడియో అందులో కలిసి ఉంటుంది. తల్లి బ్రతికి ఉండగా ఒక్క కొమ్మను అంటు కట్టించి ఉంటే దాదీ చెట్టే మరల మా యింట నిలిచేది.

అంటు సాధించే ఈ ఫలితాన్నే గాజుసీసాలో, చిన్న ముక్కతో సాధించే విద్య కణజాల వర్ధనం. మొక్క కణాలను విడదీసి పెంచవచ్చునని 1902లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హాబర్లాండ్ ఊహించాడు. ఆయన ప్రయోగం ఫలించలేదు, ఊహ ఫలించింది. సైటోకైనిన్ పాలు హెచ్చితే చిగుళ్లు, ఆక్సిన్ పాలు హెచ్చితే వేళ్లు పుడతాయని 1957లో స్కూగ్, మిల్లర్ చూపారు.

ఈ విద్య అరటికి చక్కగా అబ్బింది. మనం తినే అరటిపండులో మొలకెత్తే గింజ లేదు, పిలకయే గతి. కాని పిలకతోపాటు నులిపురుగులు, తెగుళ్లు కూడా కొత్త తోటకు వలస వస్తాయి. అందుచేత ఆరోగ్యమైన తల్లిని పరీక్షించి ఎంచుకొని, పిలక మొనను శుద్ధిచేసి సీసాలో పెంచుతారు. ఒక్క మొన నుండి అనేక చిగుళ్లు వస్తాయి. సీసా తేమలో పెరిగిన ఆ పసిమొక్కలు ఎండకు ఓర్వలేవు కనుక కొన్ని వారాలు నీడలో అలవాటు చేస్తారు. మన రైతులు జి-9 అని పిలిచే గ్రాండ్ నైన్ ఇలా పెంచే రకమే. మామిడి మాత్రం ఇంకా మొండికేస్తున్నది. కోసిన ముక్క నుండి ఊరే ఫీనాలు ద్రవ్యాలు నల్లబడి కణాలను చంపుతాయి. నేటికీ దానికి అంటు కట్టుటయే శరణ్యం.

మరొక మాట. తోటంతా ఒకే పోలికైతే ఒకే తెగులు తోటనంతా కూల్చగలదు. గ్రోస్ మిషెల్ అరటి ఎగుమతి తోటలు 1960 ప్రాంతానికి పనామా తెగులుకు బలి అయినాయి. వాటి స్థానంలోకి వచ్చిన కావెండిష్ తెగకు, అంటే మన గ్రాండ్ నైన్‌కు కూడా, ఆ తెగులులోని కొత్త రకం నేడు శత్రువైంది. కనుక మేలైనదానిని వేలుగా పెంచుతూనే భిన్నమైనవాటినీ నిలుపుకోవాలి. అందుకే మా పుల్లమామిడిని మేము నరకలేదు. యేటా ఆవకాయకు అదే ఆధారం.

విద్యార్థి మిత్రులారా! మీ యింట పెద్దలు పెంచిన చెట్టు ఉంటే ఈ వానకాలంలోనే అంటు కట్టించండి. చెట్టు పోయిన తరువాత ఏ గాజుసీసా దానిని తిరిగి తేలేదు.