నగరపు వడ్డాణము

ఇంగ్లండు దేశమున కొన్ని పెద్ద పట్టణములచుట్టు, ఇండ్లు కట్టరాదని విడిచియుంచిన నేలను గ్రీన్ బెల్ట్ అందురు. మేము దానిని నగరపు వడ్డాణమని పిలుచుకొనుచున్నాము. ఆ వడ్డాణమునుండి చిన్నచిన్న బిళ్లలను ఊడదీసి క్రొత్త యిండ్లకు ఇయ్యవచ్చునా, కూడదా యని అచట పెద్దవాదము సాగుచున్నది. ఇల్లు, పెరడు, పిల్లలు ఆడుకొను తావు మన విషయములే కావున, సీమ సంగతి మనకేలయని పుట త్రిప్పకుడు.

ఊరిచుట్టు నేల విడుచుట మనవారెరుగని పద్ధతి కాదు. గ్రామమునకు నలుదెసల నూరు ధనువుల మేరయు, నగరమునకు అందులకు మూడురెట్లును విడువవలెనని మనుస్మృతి అష్టమాధ్యాయమున విధింపబడినది. అచట అది పశువుల మేతకు. ఇంగ్లండులో మనుష్యుల ఊపిరికి. అంతే భేదము.

ఈ వాదము చదివినప్పుడెల్ల మాకు ఆక్టేవియా హిల్ అను వనిత జ్ఞప్తికి వచ్చును. ఈమె 1838లో జన్మించి 1912లో గతించెను. జాన్ రస్కిన్ అను గ్రంథకర్త 1865లో ధనసహాయము చేయగా, లండనులోని మేరిలెబోనులో మూడు పాత యిండ్లు తీసికొని, బాగుచేయించి, బీదలకు అద్దెకిచ్చెను. వారమువారము తానే గడపగడపకు పోయి అద్దె పుచ్చుకొనుచు, అందరి కష్టసుఖములు విచారించుచుండెడిది. అట్టి యామెయే 1875లో స్విస్ కాటేజి పొలములను ఇండ్లపాలు కానీయరాదని చందాలు ప్రోగుచేసి పోరాడెను. ఓడిపోయెను, ఆ పొలములు ఇండ్లక్రింద మునిగిపోయినవి. అయినను విడువక, పార్లమెంటు హిల్ పొలములకై పాటుపడిన వారిలో చేరెను; అవి 1889లో ప్రజల మైదానములో చేరినవి. ఇల్లు లేనివారి కొక చేయి, పొలమున కొక చేయి ఇచ్చిన మహాసాధ్వి! నేటి వాదులలో ఒక్కొక్కరికి ఒక్క చేయియే యున్నట్లు తోచుచున్నది.

లండను పరిసరములకు 1938లో చట్టము వచ్చినది. 1955లో ప్రభుత్వమువారు ఇతర నగరములను గూడ ఇట్టి యేర్పాటు చేసికొనుడని ప్రోత్సహించిరి. నేడు ఇంగ్లండు భూమిలో నూటికి 12 పాళ్లకు పైగా ఈ వడ్డాణములలోనే యున్నది. ఊరును ఊరును కలిసిపోకుండ ఇది చాలవరకు కాపాడినదని ఒప్పుకొనవలెను. కాని ఇండ్లు లేనివారి మాట యేమి? 2024లో ఆ దేశమున లక్షకు పైగా కుటుంబములు తాత్కాలికపు వసతులలో నుండెను. అందు అనేకులు పిల్లలతోగూడ ఒక్కగదిలో కాలము గడుపువారు. మావారి బదిలీలవలన పదునాలుగేండ్లలో ఆరు అద్దెయిండ్లు మారిన మాకు ఈ బాధ యొకరు చెప్పనక్కరలేదు. పొయ్యి ప్రక్కనే పలక పెట్టుకొని పిల్లవాడు ఎక్కములు వల్లించుట మేమెరుగుదుము.

పైగా ఆ వడ్డాణమంతయు బంగారము కాదు. పేరు పచ్చనిదే గాని, అందు పాడుపడిన షెడ్లు, మోటారుబండ్లు నిలుపు తావులు, తుప్పుపట్టిన ఇనుప సామానుల దొడ్లును కలవు. ఇట్టివానికిని, పట్టణములను వేరుచేయుటలో అంతగా అక్కరకురాని చెక్కలకును 2024 డిసెంబరు విధానపత్రమున గ్రే బెల్ట్ అని పేరుపెట్టిరి. ఇట్టి చోట ఇండ్లు లేచిన మాకు దుఃఖము లేదు. బడియు, అంగడియు ఉన్న ఊరి యంచున పదిమంది కాపురముండిన ఊరికి కళయే.

మా సందేహము వేరొకచోట నున్నది. సాగునేలకు ఇండ్ల అనుమతి వచ్చినంతనే వెల అనేకరెట్లు పెరుగును. ఆ లాభములో బీదలకు పాలుండవలెనని ఆ పత్రముననే యొక నియమము చేసిరి. ఆ ప్రాంతమున సామాన్యజనులకు అందు వెలగల యిండ్లు ఇన్ని యుండవలెనని యున్న లెక్కకు నూటికి 15 కలిపి, 50కి మించకుండ కట్టవలెను. చాల మంచిది. కాని ఆ నియమము పది యిండ్లకు తక్కువగాని కట్టడములకు, లేదా అర హెక్టేరు, అనగా సుమారు 124 సెంట్లకు తగ్గని స్థలములకు మాత్రమే. అంతకు చిన్న చెక్కలో తొమ్మిదిండ్లు కట్టువానికి అది తగులదు! వడ్డాణపు బిళ్ల పోవును. గదిలో మ్రగ్గు తల్లికి తాళపుచెవి రాదు.

చిన్న చెక్కలను అసలే ఈయరాదనువారితో మేమేకీభవింపము. పెద్ద కంపెనీలు చేయని పనిని చిన్న మేస్త్రీలు అచ్చట చేయగలరు. పెద్దయిల్లు సాకలేని వృద్ధురాలికి తన ఊరిలోనే చిన్నయిల్లు దొరకును. అయితే తొమ్మిదింటిలో మూడైనను ఆ యూరి బీదకుటుంబములకు తగుపాటి అద్దెకు ఇయ్యవలెనని ముందు కాగితము వ్రాయించుకొని, పిమ్మట అనుమతి నీయవలెను. అందులకు ఒప్పని భూస్వామి తన చెక్కలో గడ్డియే పెంచుకొనుగాక. పిల్లలు దానిగట్టుననైనను ఆడుకొందురు.