తెర నిండా అరబ్బీ

ల్యాప్‌టాప్ తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాలే. అంతా అరబ్బీ.
జమ్మలమడుగు నుంచి డిగ్రీ చదివే పాప దాన్ని నా దగ్గరికి పట్టుకొచ్చింది. ప్రొద్దుటూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారంట, కువైట్ నుంచి వచ్చిన సరుకు. మెనూలన్నీ కుడి నుంచి ఎడమకు.
"ఇది ఎట్ల మార్చాలన్నా?"

విండోస్ మీట, ఐ కలిపి నొక్కితే ఏ భాషలో ఉన్నా సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. గడియారం బొమ్మ పట్టుకుని భాషల జాబితాలోకి పోయినాం. అక్కడ ప్రతి భాష పేరూ దాని సొంత లిపిలో కూడా ఉంటుంది. అన్ని అరబ్బీ అక్షరాల నడుమ 'తెలుగు' కనపడగానే పాప మొహం వెలిగిపోయింది.
(విండోస్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్ అయితే ఇంకో భాష వేసుకోనివ్వదు. కొనేముందే చూసుకోండి.)

ఆ పాప వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మన కడప వైపు నుంచి ఎంతమంది ఆడోళ్లు అట్ల పోయినారో. అక్కడ వాషింగ్ మెషీన్ మీద, మందుల సీసాల మీద ఉండే అరబ్బీ వాళ్లకు మొదట్లో ఎవరు చదివి చెప్పినారు? భాష మార్చుకునే మీట వాళ్లకు లేదు గదా.

కంప్యూటర్లలో అక్షరాలకు వాడే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఇప్పటికీ మన కంప్యూటర్ అంగళ్లలో ఇంగ్లీషు పెట్టి ఇచ్చేస్తారు, తెలుగు కావాలా అని అడగరు. అడగాల.

పులివెందుల, ప్రొద్దుటూరు వైపు కంప్యూటర్ తెలుగులో వాడేవాళ్లు ఉన్నారా? కువైట్‌లో ఉన్న అక్కలూ అన్నలూ, మీరు అరబ్బీ ఎట్ల నేర్చుకున్నారో రాయండి.