కత్తి, మంత్రదండం, గండికోట

ఫోన్‌లో ఫ్రెంచ్ ఫాంటసీ కామిక్స్ చూసే అలవాటు మీకుంటే, గండికోట అంచున నిలబడగానే ఒక అనుమానం వస్తుంది. ఆ బొమ్మలేసినవాళ్లు ఎప్పుడైనా ఇటు వచ్చారా అని! నాకైతే వచ్చింది.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధులు దాటి జమ్మలమడుగు బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో 15 కిలోమీటర్లు. దారి పొడవునా మామూలు ఊర్లే. కోట వాకిలి దాటి, గుడి, మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ బండల మీదికి వెళ్తే నేల ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింద పెన్నా, ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ. పేర్చినట్టున్న ఎర్రటి రాతి పలకలు. వెనక్కి తిరిగితే పెమ్మసాని నాయకులు ఏలిన కోట.

‘అన్నా, గేమ్‌లో మ్యాప్ మాదిరి ఉండాది కదా!’ అన్నాడు పక్కన సెల్ఫీ తీసుకుంటున్న కుర్రాడు. నిజమే. ఆ గేముల వెనక కామిక్స్ ఉన్నాయి, ఆ కామిక్స్ వెనక కథలున్నాయి.

కోనన్ పారిస్ వెళ్లాడు

1932లో అమెరికా పత్రిక ‘వియర్డ్ టేల్స్’లో రాబర్ట్ హోవర్డ్ అనే కుర్ర రచయిత కోనన్ అనే వీరుణ్ని పుట్టించాడు. చేతిలో కత్తి, ఎదురుగా మాంత్రికుడు, చుట్టూ పాడుబడ్డ కోటలు. నాలుగేళ్లకే, 30 ఏళ్ల వయసులో హోవర్డ్ చనిపోయాడు. ఆ తరహా కథల్ని ఫ్రెంచివాళ్లు బొమ్మల్లో ఎక్కడికో తీసుకెళ్లారు. ఫిలిప్ ద్రూయే పేజీ నిండా పట్టే రాక్షస కట్టడాలు గీశాడు. మోబియస్ 1975లో గీసిన ‘అర్జాక్’లో ఒక్క మాటా ఉండదు. వింత పక్షి మీద ఒక యోధుడు, కింద లోయలు, అంతే. 2018 నుంచి గ్లెనా సంస్థ కోనన్ కథల్ని ఒక్కో పుస్తకం ఒక్కో జట్టుతో కొత్తగా గీయించింది. అక్కడ కామిక్స్‌ని ‘తొమ్మిదో కళ’ అంటారు. అట్ట మీద చిత్రకారుడి పేరు కథకుడి పేరు పక్కనే ఉంటుంది.

మరి మన కోనన్ ఎక్కడ?

దూరం పోనక్కర్లేదు. 1951లో ‘పాతాళభైరవి’ వచ్చింది. తోటరాముడి కత్తి ఒకవైపు, నేపాళ మాంత్రికుడి మాయలు మరోవైపు. తీసిన కె.వి.రెడ్డిది పక్కనున్న తాడిపత్రి. నిర్మాత బి.నాగిరెడ్డిది ఈ కడప జిల్లానే. ఆయన అన్న, ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్.రెడ్డి పుట్టింది పులివెందుల తాలూకాలో.

అదే నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జులైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన జానపద సీరియళ్లకి ‘చిత్రా’ బొమ్మలేసేవారు. ‘యక్షపర్వతం’ వీరులు ఇద్దరు: ఖడ్గవర్మ చేతిలో కత్తి, జీవదత్తుడి చేతిలో మంత్రదండం. మా ఇంట్లో నాన్న దాచుకున్న పాత సంచికల్లో ఆ బొమ్మలు చూసి నేను చాలా రాత్రులు భయపడ్డాను. కోట అంచున కూర్చుని ఫోన్‌లో మోబియస్ బొమ్మలు తిప్పుతుంటే గుర్తొచ్చినవి అవే.

బాధ కలిగించేది ఒకటుంది. ఆ సీరియళ్ల మీద సుబ్రహ్మణ్యం గారి పేరు వేసేవారు కాదు. లక్షలమంది పిల్లలు రాసిందెవరో తెలియకుండానే చదివారు. ఇప్పుడు చందమామే ఆగిపోయింది. ఇంత కోట, ఇంత లోయ మన దగ్గరే ఉన్నాయి. అయినా ఆ కుర్రాడికి గుర్తొచ్చింది మాత్రం గేమ్!

బాణంతో గీసిన బొమ్మ

గండికోట నుంచి ముద్దనూరు, పులివెందుల మీదుగా వేంపల్లె దగ్గరి గండి క్షేత్రానికి వెళ్లాను. ఇక్కడ కొండల్ని చీల్చింది పాపాఘ్ని. శ్రీరాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి బొమ్మ గీశాడనీ, చిటికెన వేలు మాత్రం పూర్తి కాలేదనీ స్థలపురాణం. నమ్మకం సంగతి ఎవరిష్టం వాళ్లది. ఆయుధంతో బొమ్మ గీసిన వీరుడి కథ మాత్రం నాకు ఏ కామిక్‌లోనూ దొరకలేదు.

ఈసారి వెళ్లేటప్పుడు సెల్ఫీ స్టిక్‌తో పాటు ఒక నోటుపుస్తకం, పెన్సిలు కూడా పెట్టుకోండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్లేదు. కింద మీ పేరు మాత్రం రాయండి.

వెళ్లాలంటే: రైల్లో అయితే ముద్దనూరు లేదా జమ్మలమడుగులో దిగొచ్చు. గండికోటలో పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. ఎండాకాలం వద్దు, బండలు కాలిపోతాయి. లోయ అంచున రక్షణ గోడ లేదు, ఫొటోల కోసం వెనక్కి నడవకండి.