మియాటాకు కొత్త కేట్ కొనే ముందు

శాన్ హోసేలోనో ఫ్రీమాంట్‌లోనో ఉంటూ, ఆఫీసు కారు పక్కన ఓ పాత మాజ్దా మియాటాను ప్రేమగా సాకుతున్నారా? అయితే ఈ కబురు మీకే. రెండేళ్లకోసారి స్మాగ్ చెక్ మీకెలాగూ తప్పదు. 1999, అంతకు ముందు మోడళ్లయితే ఆ ప్రాంతంలో రోలర్ల మీదికెక్కించి, 15 మైళ్ల వేగంలో ఒకసారి, 25లో ఒకసారి సైలెన్సర్ గొట్టం దగ్గర పొగను కొలుస్తారు. ఈసారి పరీక్ష కాగితం మీద నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దు దాటాయనుకోండి. మెకానిక్ "కేట్ పోయిందండీ" అంటాడు.

వెంటనే ఆర్డరు పెట్టేయకండి. కేట్, అంటే కేటలిటిక్ కన్వర్టర్, చాలాసార్లు తనంతట తాను పోదు, ఇంజనే దాన్ని చంపుతుంది. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. పాత ప్లగ్ వైర్లు, కాయిల్ సరిగా పనిచేయక మిస్‌ఫైర్ అయితే కాలని పెట్రోలు అక్కడికి చేరి మండుతుంది, దిమ్మ కరిగిపోతుంది. ఇంజను ఆయిల్ తాగుతుంటే అందులోని భాస్వరం పూతను కప్పేస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ ముసలిదైతే గాలి, పెట్రోలు పాళ్లు తప్పుతాయి. ఆ రోగం కుదర్చకుండా కొత్తది బిగిస్తే, దాన్నీ చంపుకున్నట్టే. ముందు ఇవి చూపించండి. కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడండి కూడా. లోపల గలగలమంటే దిమ్మ పగిలినట్టే.

ఇక కొనడం. డాలస్‌లో మీ బావమరిది చౌకగా వేయించుకున్న ఫెడరల్ కన్వర్టర్ అక్కడ చెల్లుతుంది, కాలిఫోర్నియాలో చెల్లదు. ఇక్కడ బయటి కంపెనీల కన్వర్టర్లకు ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి కావాలి. 2009 నుంచి ఆ నియమం బాగా గట్టిపడింది. డి అక్షరంతో మొదలయ్యే ఆ అనుమతి నంబరు కన్వర్టర్ లోహపు డబ్బా మీదే చెక్కి ఉంటుంది. ఆ నంబరు మీ సంవత్సరానికి, మీ ఇంజనుకు వర్తిస్తుందో లేదో బోర్డు జాబితాలో చూసుకోండి. 1.6 లీటర్లదీ 1.8దీ ఒకటే అనుకోకండి. హుడ్ కింద ఉన్న ఉద్గారాల లేబుల్‌ను ఫోనులో ఫొటో తీసుకుని దగ్గరుంచుకుంటే దుకాణంలో తికమక ఉండదు.

ధర చూస్తే గుండె జారుతుంది, నిజమే. కానీ ఆ డబ్బులో మంచి వాటా పూతలోని లోహానికి పోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టేది ముఖ్యంగా రోడియం. 2021లో దాని ధర ఔన్సుకు 20,000 డాలర్లు దాటింది. చౌకవాటిలో ఆ పూత పలచన. అనుమతి ఉన్నదానికైతే 5 ఏళ్లు లేదా 50,000 మైళ్ల వారంటీ ఉంటుంది.

హై ఫ్లో కేట్ వేస్తే బండి రెచ్చిపోతుందని ఎవరైనా అంటే వినకండి. 116 హార్స్‌పవర్ బండికి దానితో ఒరిగేది స్వల్పం. మియాటా అందమంతా మలుపుల్లో కదా! ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టండి.

బిగించేటప్పుడు కొత్త గాస్కెట్లు అడగండి, డబ్బా మీది బాణం వెనక్కి చూడాలి. పాతదాన్ని స్క్రాపుకిచ్చేరోజు బండి రిజిస్ట్రేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి. దొంగతనాలు పెరిగాక, అది మీదేనని రుజువు లేకుండా కొనకూడదని చట్టం వచ్చింది.