బొంత గుడ్డల పెట్టె

సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యాక, బొంతల కోసం దాచుకున్న పాత చీరల మూట అమ్మ నాకిచ్చేసింది. మూడేళ్ళుగా అది అటక మీదే ఉంది. "స్టీలు సామాన్లవాడికి వేసెయ్యకూడదూ?" అంటారు మావారు. మొన్న ఆదివారం దించాను.

అన్నీ ఉతికి, గంజి పెట్టకుండా ఎండలో ఆరేశాను. గంజి ఉంటే పురుగు పడుతుంది. బాగా మెత్తబడినవి లోపొరకి, రంగు పోనివి పైపొరకి, అంచులు వేరే. పాత క్యాలెండరు అట్ట పెట్టుకుని అన్నీ దాని కొలతకే మడిచాను. పుస్తకాల్లా నిలబెడితే ఏది ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరుతుందని, ట్రంకుపెట్టెలో పాత దుప్పటి పరిచి సర్దాను. మధ్యలో ఎండిన వేపాకు.

గొప్పగా ఫోటో తీసి అమ్మకి పంపాను. వెంటనే ఫోను.

"బాగుందే. మడతలు మాత్రం అప్పుడప్పుడు మారుస్తుండు, లేకపోతే అక్కడే చిరుగుతాయి. అయినా నేనిచ్చింది దాచమని కాదు, కుట్టమని."

నాకు మాట రాలేదు. మూడేళ్ళలో ఒక్క కుట్టు కూడా వెయ్యలేదు మరి.

అమ్మ నీలం చీర మళ్ళీ బయటికి తీశాను. సంక్రాంతికి వస్తానంది. దారం నేనెక్కిస్తాను, మొదటి వరస తను కుట్టి చూపించాలి.