ఒక్క ప్రాణి, ఎన్ని పేర్లు!

ఉర్దూ స్కూల్లో మా ఉస్తాద్ బోర్డు మీద రెండు మాటలు రాసేవారు. జిన్స్, నౌ. తెలుగులో వాటిని ప్రజాతి, జాతి అంటారని పత్రికలో చేరాక గానీ నాకు తెలీదు. ఉర్దూలో జిన్స్‌కి ఇంకో మానీ కూడా ఉంది, ఆడా మగా అనే తేడా. మాట ఒకటే, పనులు రెండు. ఆ మాట మళ్ళీ మొన్న గుర్తొచ్చింది, కచ్ఛ్ అమ్మోనైట్ల మీద ఒక వ్యాసం తర్జుమా చేస్తుంటే.

అమ్మోనైట్లు సముద్రపు జీవులు. ఆక్టోపస్, స్క్విడ్‌ల బిరాదరీ. పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న గుల్లల్లో బతికేవి. 6.6 కోట్ల ఏళ్ళ కింద, డైనోసార్లు పోయిన కాలంలోనే ఇవీ పోయాయి. మెత్తటి ఒళ్ళు రాళ్ళలో దాదాపు దొరకదు. కాబట్టి వీటి షజరా రాయాలంటే గుల్లే సబూత్.

గుజరాత్‌లోని కచ్ఛ్ ఇప్పుడు ఎండిన నేల. సుమారు 16.5 కోట్ల ఏళ్ళ కింద అక్కడ సముద్రం. ఆ రాళ్ళలో దండిగా దొరికే అమ్మోనైట్ మాక్రోసెఫలైటిస్. 'పెద్ద తలది' అని అర్థం. జర్మన్ శాస్త్రవేత్త జిట్టెల్ 1884లో ఈ జిన్స్‌కి ఆ పేరు పెట్టాడు. అంతకుముందే, 1873-75లో, వాగెన్ కచ్ఛ్ అమ్మోనైట్లను వర్ణిస్తూ పెద్ద గ్రంథం రాశాడు. దాన్ని తిరగరాస్తూ 1927 నుంచి 1933 దాకా లండన్‌లో స్పాత్ ఇంకా పెద్దది రాశాడు. లావు గుల్ల ఒక ఖానాలో, సన్నది ఇంకో ఖానాలో. ఇండోసెఫలైటిస్, కాంప్టోకెఫలైటిస్, డోలికెఫలైటిస్... ఒక్క ఖాందాన్‌కి ఎన్ని ఇంటిపేర్లో! ఆయన నియ్యత్‌లో ఖోట్ లేదు. కంటికి కనిపించిన ఫర్క్ రాశాడు, అంతే.

తర్వాత 1962లో పోలండ్‌లో మకోవ్‌స్కీ, 1963లో బ్రిటన్‌లో కాలమన్ ఒకే సంగతి చెప్పారు. కాలమన్ పేషా రసాయనశాస్త్రం, అమ్మోనైట్లు ఆయన షౌఖ్. ఒకే పొరలో పెద్ద గుల్లా చిన్న గుల్లా పక్కపక్కన దొరుకుతున్నాయంటే, అవి వేరువేరు జీవులు కావు, మియా బీబీ అన్నారు.

సబూత్? గుల్ల లోపల గదులుంటాయి. ప్రాణి ఎదగడం ఆగేముందు ఆఖరి గోడలు దగ్గరదగ్గరగా పడతాయి. చిన్న గుల్లలోనూ ఆ గుర్తు ఉంది. అంటే అది పిల్ల కాదు, వయసొచ్చినదే. ఇక రెండింటినీ లోపలి చుట్ల దాకా తెరిస్తే బచ్‌పన్ ఒకేలా ఉంది, అవే గీతలు, అదే తీరు. పెద్దయ్యాక మాక్రోసెఫలైటిస్ పెద్ద గుల్ల నున్నబడుతుంది, చిన్నదాని మీద గీతలు చివరిదాకా ఉంటాయి. పెద్దది ఆడదని అందాజా. ఇవాళ చాలామంది కాంప్టోకెఫలైటిస్‌ని మాక్రోసెఫలైటిస్ మగదిగానే లెక్కేస్తున్నారు.

అది చదివి నవ్వొచ్చింది. ఒక జిన్స్ ఫర్క్‌ని ఇంకో జిన్స్ ఫర్క్ అనుకున్నారు! నా తర్జుమాలో ఆ మజా రాలేదు. తెలుగులో రెండూ వేరే మాటలు మరి.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అబ్బా ఇంతెఖాల్ అయ్యాక అమ్మీకి రావాల్సిన పెన్షన్ ఎనిమిది నెలలు ఆగింది. ఒక కాగితంలో ఆమె పేరు చివర బీ, ఇంకోదాంట్లో బేగం, మూడోదాంట్లో ఉన్నీసా. రాసిన ప్రతివాడూ తనకు వినపడింది రాశాడు. దఫ్తర్‌లో గుమాస్తా కాగితాలు పరిచి అడిగాడు, "ఈ ముగ్గురిలో మీ అమ్మగారు ఎవరండీ?"

పక్కనే కూర్చున్న అమ్మీకి నేను ఉర్దూలో చెప్పాను. "తీనోఁ మైచ్ హూఁ రే" అంది. ముగ్గురూ నేనే కదరా అని.

చివరికి ఆమె చదివిన చిన్న ఉర్దూ బడికి పోయి పాత రిజిస్టర్ తీయించాను. అక్కడ బీ లేదు, బేగం లేదు. ఒట్టి పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ. మూడు కాగితాల్లోనూ మొదటి మాట అదే, నాన్న పేరు అదే, తేదీ అదే. బచ్‌పన్ కలిసింది. ఫైల్ కదిలింది.

ప్రాణుల పేర్ల విషయంలో ఒక ఉసూల్ ఉంది. ఒకే జీవికి రెండు పేర్లు పడ్డాయని తేలితే మామూలుగా ముందు పెట్టిందే నిలుస్తుంది. అందుకే 1884 నాటి మాక్రోసెఫలైటిస్ ఉంది, తర్వాతది దానిలో కలిసింది. దఫ్తర్‌లో దీనికి ఉల్టా. అన్నిటికన్నా కొత్త కార్డులో ఏముందో అదే పేరు. అమ్మీ ఇప్పుడు బేగం. డెబ్బై దాటాక కొత్త సంతకం నేర్చుకుంది. పెన్షన్ వస్తోంది, షుకర్. ఇంట్లో మాత్రం ఖాలా ఇప్పటికీ ఆ రిజిస్టర్‌లో ఉన్న పేరుతోనే పిలుస్తుంది.