ఆ అరగంట

ఎడిటర్ నన్ను పంపింది ఫ్రిజ్ చూడ్డానికి. టీకా మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఎలా కాపాడుతున్నారో కొడవలూరు మండలంలో ఒక ఊరికి వెళ్లి రాయమన్నారు. ఐస్ డబ్బా తెరిచి చూపించారు, అంతా సక్రమంగానే ఉంది. నా చూపు మాత్రం నర్సమ్మ చేతుల దగ్గరే నిలిచిపోయింది.

ఆ రోజు పదో తరగతి పిల్లలకు టీడీ సూదులు. ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా 10 ఏళ్లప్పుడొకటి, 16 ఏళ్లప్పుడొకటి వేస్తారు. ప్రతి పిల్లనూ ఆమె ముందుగా అడిగేది ఒకటే: “ఏ చేత్తో రాస్తావు తల్లీ?” కుడిచెయ్యంటే ఎడమ భుజం. ఎముక కొస నుంచి వేళ్లతో కిందికి కొలుచుకుని అప్పుడు గుచ్చుతుంది. మరీ పైన పడితే సూది కండను దాటి కీలుకు తగలొచ్చు. ఆ నొప్పి నెలల తరబడి వదలదు.

“చెయ్యి బిగదీసుకుని కూర్చోబాకండి. మెల్లగా పైకెత్తండి, దించండి. భుజం గుండ్రంగా తిప్పండి. బరువులు మాత్రం ఎత్తబాకండి. ఇంటికి పోయి బామ్ రుద్దబాకండి, చల్లటి తడిగుడ్డ వేసుకోండి.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. కూతురితో వచ్చిన ఒక నాట్ల కూలి నవ్వలేదు.

“పిల్లోళ్లకైతే ఒక చెయ్యి ఖాళీ నర్సమ్మా. మాకేదీ? ఎడం చేత్తో నారు కట్ట పట్టుకోవాల, కుడి చేత్తో నాటాల. కరోనా సూదప్పుడు కదిపితే ఏమవుద్దోనని చెయ్యి కదపలా. రెండు నాళ్ల కూలి పోయింది. అప్పుడీ మాట ఎవురూ చెప్పలా.”

2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా కరోనా డోసులు వేశారు. గొప్ప పనే. మర్నాడు చెయ్యెత్తలేక మడికి పోనివాళ్లెందరో ఎవరు రాసుకున్నారు?

సూది పడిన చోటికి రక్షణ కణాలు చేరతాయి, కండ వాస్తుంది, నొప్పి పుడుతుంది. టీకా పని మొదలైందన్నమాట. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చెయ్యి ఆడిస్తే రక్తం బాగా ఆడి, పట్టేసిన కండ సడలుతుంది. సిడ్నీ పరిశోధకులు టీకా వేళ కాసేపు చేతుల వ్యాయామం చేయించి చూసి, ముఖ్యంగా ఆడపిల్లల్లో నొప్పి తగ్గిందని 2018లో ప్రచురించారు. ఎరుపు, వాపు ఒక రోజు దాటాక ఇంకా పెరుగుతున్నా, రోజులు గడిచినా చెయ్యి లేవకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.

నాకు చిరాకు కలిగించింది ఇలా చెప్పడం కొత్త విషయం కాకపోవడం. టీకా వేశాక నాలుగు మాటలు చెప్పాలని మన దేశంలో నియమమే ఉంది: ఏ టీకా వేశారో; ఏ ఇబ్బంది రావచ్చో, వస్తే ఏం చేయాలో; మళ్లీ ఎప్పుడు రావాలో; కార్డు ఎలా దాచుకోవాలో. చాలాచోట్ల రెండో మాట పారాసిటమాల్ బిళ్లగా మిగిలింది. రిజిస్టరులోనూ యాప్‌లోనూ పేర్లు ఎక్కించేసరికే పొద్దుపోయే మనిషిని తప్పుపట్టలేం. చెప్పడమూ పనేనని, దానికీ సమయం కావాలని పైనున్నవాళ్లు ఒప్పుకోకపోవడమే తప్పు.

రెండు రోజుల కూలి పోగొట్టుకున్న మనిషి తర్వాతి డోసుకు వెనకాడితే దాన్ని మూఢనమ్మకం అంటాం. ఆమెది లెక్క. ఆ లెక్క మార్చడానికి బడ్జెట్టూ జీవోలూ అక్కర్లేదు. సూది వేశాక ఎటూ అరగంట బెంచీ మీద కూర్చోబెడుతున్నారు కదా, ఆ అరగంటలో చేతులెత్తించండి.